పాత బంకు ట్యాంకు తీసిన చోట భూగర్భజల పరీక్షలపై ఫిర్యాదు

పెరంబూరు, చెన్నై

ఆయిల్ కంపెనీ ప్రాంతీయ మేనేజర్ గారికి,

విషయం: మా వీధి మూలన మూసేసిన బంకులో చేసిన భూగర్భజల పరీక్ష

అయ్యా,

మీరు తెలుగువారేనని పాత డీలరు చెప్పడంతో తెలుగులోనే రాస్తున్నాను. ఫైలుకు పనికొస్తుందని ఇంగ్లీషు ప్రతి కూడా జతచేశాను.

బంకు మూతపడ్డాక భూమిలోని పెట్రోలు ట్యాంకును క్రేన్‌తో పైకి లేపినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాళ్లం చాలామందిమి అక్కడే ఉన్నాం. ట్యాంకు అడుగు తుప్పు పట్టి చిల్లులు పడి ఉంది. గుంతలో మట్టి నల్లగా ఉంది, వాసనకు ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. కొంత మట్టి లారీకెత్తి, గుంతను ఇసుకతో పూడ్చేశారు. ఇప్పుడేమో "భూగర్భజలంలో కాలుష్యం లేదు, పర్యవేక్షణ ముగిసింది" అని మీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా బోరు మోటారు వేస్తే సంపులో పడే నీళ్లు ఇంకా పెట్రోలు వాసన కొడుతూనే ఉన్నాయి. మీ ఫీల్డ్ ఆఫీసరు అది సెప్టిక్ ట్యాంకు వాసన అన్నారు. ఆ రెండు వాసనలకూ తేడా తెలియనంత అమాయకులం కాదండీ.

శాంపిల్ తీసిన తీరు నేను కళ్లారా చూశాను. మే నెల మిట్టమధ్యాహ్నం ఒక కుర్రాడు మానిటరింగ్ బోరులోంచి (భూగర్భజలాన్ని పరీక్షించడానికి వేసిన బోరు) నీళ్లు తోడి, మామూలు ప్లాస్టిక్ వాటర్ బాటిల్‌లో సగం దాకా పోసి, స్కూటర్ డిక్కీలో పడేసుకుని వెళ్లిపోయాడు. పెట్రోలులో ఉండే బెంజీన్ ఇట్టే గాల్లో కలిసిపోతుంది. ముందు బోరులో నిల్వ నీళ్లు తోడి పారబోసి, కొత్తగా ఊరిన నీటిని చిన్న గాజు సీసాలో బుడగ కూడా లేకుండా నింపి, ఐస్ పెట్టెలో ల్యాబుకు పంపాలి. ఎండలో, డిక్కీలో కుదుపులు తిన్న సగం బాటిల్‌లో ఏం దొరుకుతుంది?

రిపోర్టు ఇంకా విడ్డూరం. బెంజీన్ "నాట్ డిటెక్టెడ్" అని రాసి, కింద సన్న అక్షరాల్లో డిటెక్షన్ లిమిట్, అంటే ల్యాబు పట్టుకోగల కనీస మోతాదు, లీటరుకు 50 మైక్రోగ్రాములు అన్నారు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 10. అంటే మా నీళ్లలో దానికి నాలుగింతలున్నా మీ ల్యాబుకు కనిపించదు. బెంజీన్ క్యాన్సర్ కారకమని మీకు చెప్పనక్కర్లేదు.

పైగా ఉన్న ఒక్క మానిటరింగ్ బోరూ గుంతకు పడమటి వైపు వేశారు. చెన్నైలో భూగర్భజలం సాధారణంగా తూర్పుకు, సముద్రం వైపు సాగుతుంది. మేమున్నది తూర్పున. మా వీధిలో ప్రవాహం ఎటో కచ్చితంగా తేలాలంటే కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలవాలి. ఆ పని ఎవరూ చేయలేదు.

వేసవిలో ఒక్కసారి చూసి ఫైలు మూసేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. పెట్రోలు నీటి మీద తేలుతుంది. మట్టం దిగితే తానూ దిగి మట్టికి అంటుకుంటుంది, అక్టోబరు వానలకు మట్టం లేస్తే మళ్లీ నీళ్లలో కలుస్తుంది. తమిళనాడులో 2003 నుంచి వాననీటిని ఇంకించడం తప్పనిసరి కాబట్టి మా మేడల మీది నీళ్లన్నీ ఆ నేలలోకే పోతాయి. తొండియార్‌పేటలో 2013లో భూమిలోని చమురు పైపు లీకై ఇళ్ల బోర్లలో చమురు వచ్చిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు.

కాబట్టి ఆ ముగింపు ఉత్తరాన్ని వెనక్కి తీసుకోండి. గుంతకు తూర్పున కనీసం రెండు మానిటరింగ్ బోర్లు వేయించి, మూడు నెలలకోసారి చొప్పున ఏడాది పాటు పరీక్ష చేయించండి. అందులో ఒకటి ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక జరగాలి. మా అపార్ట్‌మెంట్ బోరును కూడా కలపండి. శాంపిల్ తీసేటప్పుడు మా మనిషి ఒకరు పక్కన ఉంటారు. ఫలితాలు తేలేదాకా మేం కొంటున్న లారీ నీళ్ల ఖర్చు కంపెనీయే భరించాలి. బిల్లులు జతచేశాను.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఈ లేఖనే రిపోర్టుతో సహా తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలికి ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి,
అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం