బ్రాడ్‌ఫర్డ్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. అమ్మ, నాయనమ్మ, తమ్ముడు బాగున్నారని తలుస్తాను. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నా, ఇది ఫోన్లో తెమిలే సంగతి కాదని కాగితం పట్టుకున్నాను.

మా పక్కింటి పెద్దాయన మొన్న ఆదివారం భోజనానికి పిలిచారు. కరాచీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం, వాళ్ల నాన్నది ఆగ్రా. తిన్నాక ‘గర్మ్ హవా’ పెట్టారు. ఉర్దూ సినిమా అనగానే మీరు లేచి వెళ్లిపోతారని తెలుసు. కానీ ఒక్క మాట వినండి. దాని కెమెరామన్ ఇషాన్ ఆర్య. మీరు ఇన్నేళ్లుగా ‘ముత్యాలముగ్గు’లో ఆ వెలుతురు చూడరా అని మా ప్రాణం తీస్తారే, ఆయనే! ఆయన కెమెరా పట్టిన మొదటి సినిమా ఇదే. ఆ తర్వాతే బాపు గారి దగ్గరికొచ్చి జాతీయ అవార్డు కొట్టారు.

కథ ఇస్మత్ చుగ్తాయ్‌ది. దర్శకుడు ఎం.ఎస్.సత్యు మైసూరు మనిషి. ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడుపుకునే సలీం మీర్జాగా బల్రాజ్ సాహ్నీ వేశారు. అందరూ దీన్ని దేశ విభజన సినిమా అంటారు గానీ నాకైతే ఇంటి సినిమా అనిపించింది. ఊచకోతలు, రైళ్లలో శవాలు ఎక్కడా చూపించరు. ఒకచోట ఒక రాయి వచ్చి ఆయనకి తగులుతుంది, కార్ఖానా తగలబడుతుంది, అంతే. మిగతాదంతా కాగితాలు, అప్పులు, అద్దెలు. వీళ్లు ఎలాగూ పాకిస్తాన్ పోయేవాళ్లే కదా అని బ్యాంకు అప్పివ్వదు. ఇల్లు అద్దెకి అడిగితే పేరు విని తలుపేస్తారు. పైగా హవేలీ ఉన్నది అన్నగారి పేరు మీద. నేను దేశం వదిలిపోను అని సభల్లో గొంతు చించుకున్న ఆ అన్నగారే గుట్టుచప్పుడు కాకుండా పాకిస్తాన్ వెళ్లిపోతాడు. దాంతో సర్కారు ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. తర్వాత అది సింధు నుంచి అన్నీ పోగొట్టుకొచ్చిన అజ్మానీకి దక్కుతుంది. ఆయన్ని విలన్ చెయ్యలేదు చూడండి, అక్కడ నాకు సత్యు మీద గౌరవం పెరిగింది.

ఇల్లు ఖాళీ చేసే రోజు సలీం తల్లి, ఆ ముసలమ్మ, కనపడదు. ఇల్లంతా గాలిస్తే కట్టెల గదిలో ముడుచుకుని కూర్చుని ఉంటుంది. రానంటుంది. ఆమెని ఎత్తుకుని బయటికి తెస్తారు. ఆ వేషం వేసిన బదర్ బేగం సినిమా మనిషి కాదు, ఆగ్రాలోనే దొరికిన ముసలావిడ. గొంతు మాత్రం దీనా పాఠక్‌ది. తర్వాత ప్రాణం పోయే ముందు ఆమెని పల్లకీలో ఆ హవేలీకి తీసుకెళ్తారు. కొత్త పెళ్లికూతురుగా ఆ గడప తొక్కిన నాటి చప్పుళ్లు ఆమెకి వినిపిస్తాయి. పక్కింటాయన ఆ సీన్‌కి లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. టీ పెడుతున్నానన్నారు, టీ అయితే రాలేదు.

సలీం కూతురు ఆమినా సంగతి రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు. ఆమె ఇష్టపడ్డ కాజిం, ఆ అన్నగారి కొడుకు, పాకిస్తాన్ నుంచి పెళ్లికని వస్తే, కాగితాలు లేవని పోలీసులు పట్టుకుపోతారు. తర్వాత ఆమెని చేసుకుంటానన్న షంషాద్ కూడా మాట తప్పుతాడు. ఆ పిల్ల పెళ్లి బట్టల్లోనే ప్రాణం తీసుకుంటుంది. అప్పుడు బల్రాజ్ సాహ్నీ ఏడవడు, ఊరికే నిలబడతాడు. ఆయన సొంత కూతురు పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదట. డబ్బింగ్ ముగించిన మర్నాడే, 1973 ఏప్రిల్ 13న ఆయనా పోయారు. పూర్తయిన సినిమా చూసుకోలేదు.

మన హైదరాబాదు వాళ్లు కూడా ఉన్నారు ఇందులో. సలీం భార్య జమీలాగా వేసిన షౌకత్ కైఫీ అక్కడ పెరిగినావిడే. ఆవిడ భర్త కైఫీ ఆజ్మీ షమా జైదీతో కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. ఫతేపూర్ సిక్రీ దర్గాలో వినిపించే ఖవ్వాలీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీది. చిన్న కొడుకు సికందర్ ఎవరనుకున్నారు? ఫారూఖ్ షేక్, ఆయనకీ ఇదే మొదటి సినిమా. ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన 2.5 లక్షలు చాలక బయట అప్పులు చేసి తీశారట. షూటింగులో సౌండ్ పరికరాలకి కూడా డబ్బుల్లేక మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చేశారు. అంత చేస్తే, గొడవలవుతాయని సెన్సారు వాళ్లు నెలల తరబడి ఆపేశారు. చివరికి జాతీయ సమైక్యతకి అవార్డు ఇచ్చింది కూడా ఆ సర్కారే!

ఇక నేను రాయాలనుకున్న అసలు విషయం. బాబాయి నాయనమ్మని వచ్చే నెల హైదరాబాదు ఫ్లాటుకి తీసుకెళ్తానంటున్నాడని అమ్మ చెప్పింది. ఊళ్లో డాక్టరు దొరకడు, రాత్రిపూట ఒక్కర్తే, అన్నీ నిజమే. బాబాయిది తప్పని నేననను. కానీ ఆమెని ఎవరైనా అడిగారా నాన్నగారూ? నాకు తెలిసి లేదు. మీరు ఒకసారి వెళ్లి, బాబాయి లేనప్పుడు, నిదానంగా అడగండి. నేను సంక్రాంతికి వచ్చేదాకా ఆగమని చెప్పండి. మధ్యలో మందులకీ, రాత్రి తోడు పడుకునే మనిషికీ ఎంతవుతుందో రాస్తే పంపుతాను.

సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి, తమ్ముణ్ణి పక్కన కూర్చోపెట్టుకోండి. అమ్మకి ఆమినా సంగతి ముందే చెప్పేయండి, లేకపోతే రాత్రంతా నిద్రపోదు.

ఇట్లు
మీ పెద్దబ్బాయి