మంత్రి గారూ, మా అమ్మాయి ఏ సంఘంలో చేరాలి?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. రైల్వేలో 36 ఏళ్లు పనిచేసి లోకో పైలట్‌గా రిటైరయ్యాను. చేరిన కొత్తలో మా ఉద్యోగం పేరు డ్రైవర్. తర్వాత ఆ పేరు తీసేసి పైలట్ అన్నారు. పేరు మారింది గానీ నిద్ర పెరగలేదు. మా అమ్మాయి మాత్రం ఆకాశంలో తిరిగే అసలు పైలట్. ఒక విమానయాన సంస్థలో కో-పైలట్‌గా పనిచేస్తోంది. సంస్థ పేరు ఈ ఉత్తరంలో రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మొన్న ధనుర్మాసంలో రెండు రోజులు ఇంటికి వచ్చింది. రాత్రంతా డ్యూటీ చేసి, ఉదయం విమానంలో గన్నవరంలో దిగింది. కారు రామవరప్పాడు రింగు దాటకముందే నిద్రపోయింది. ఇంటికొచ్చాక మా ఆవిడ ముద్దపప్పు, గోంగూర వడ్డించింది. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, కంచంలో చెయ్యి అలాగే ఉంది, కళ్లు మూతపడ్డాయి. మా ఆవిడ చప్పుడు కాకుండా కంచం పక్కకు జరిపి, తడిగుడ్డతో ఆ చెయ్యి తుడిచింది. ముప్పై ఏళ్ల కిందట నాకూ అలాగే తుడిచేది.

మర్నాడు తెల్లవారుజామున వీధి చివరి గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. నేను వెళ్లి అర్చకుల వారిని కాస్త తగ్గించమని బతిమాలుకున్నాను. "మీకు రిటైరైనా ఈ గోల తప్పలేదా" అని నవ్వి, ఆయన మైకు గొట్టాన్ని రెండో వైపు తిప్పించారు. ఇంటికొచ్చి అటక మీద వెతికితే పాత చెక్కబోర్డు దొరికింది. "డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నారు. తలుపు కొట్టవద్దు." నేను గూడ్స్ బండ్లు తోలే రోజుల్లో మా ఆవిడ తెల్ల పెయింటుతో రాసింది. దుమ్ము దులిపి మళ్లీ అదే మేకుకు తగిలించాను.

ఆ సాయంత్రం అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టింది. వాళ్ల సంస్థలో పైలట్లకు సొంత సంఘం ఒకటి ఉంది. అన్ని సంస్థల పైలట్లనూ చేర్చుకునే జాతీయ సంఘం ఇంకొకటి. తోటి పైలట్లు రెండు వర్గాలై, నెలాఖరులోగా ఎటో ఒకవైపు తేల్చుకోమంటున్నారు. యాజమాన్యం నుంచి కూడా తియ్యటి ఉత్తరం ఒకటి వచ్చింది. మనమంతా ఒకే కుటుంబమట, కుటుంబ విషయాలు బయటివాళ్లతో మాట్లాడనక్కర లేదట. "నాన్నా, నువ్వు రెండు రకాల సంఘాల్లోనూ ఉన్నావు కదా, ఏది మంచిది?" అని అడిగింది.

అవును, రెండింట్లోనూ ఉన్నాను. రైల్వేలో గుర్తింపు ఉన్న పెద్ద సంఘంలో చందా కట్టాను. అందులో గ్యాంగ్‌మన్ నుంచి గుమస్తా దాకా అందరూ ఉండేవారు. అధికారులతో చర్చలకు కూర్చునే హక్కు ఆ సంఘానిది. కానీ బండ్లు నడిపే మా రన్నింగ్ సిబ్బంది లెక్క అందులో కొంచెమే. బదిలీలు, క్వార్టర్లు, బోనసు అన్నీ అయ్యాక, చర్చల పట్టిక చివర్లో మా విశ్రాంతి మాట వచ్చేది. అప్పటికి టీ కూడా చల్లారిపోయేది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత అక్కడే నాకు బాగా అర్థమైంది. అందుకని మా లోకో వాళ్లంతా కలిసి నడుపుకునే సంఘంలోనూ చేరాను. అక్కడ మా బాధ మాకు తెలుసు. డ్యూటీకి పిలవడానికి వచ్చే కాల్ బాయ్ రాత్రి ఒంటిగంటకు తలుపు తట్టి, కాల్ బుక్కులో సంతకం పెట్టించుకుని, మా సామాన్ల పెట్టె, అదే లైన్ బాక్సు, సర్దుకునే లోపే వెళ్లిపోతే ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ వివరించనక్కర లేదు. అయితే ఆ సంఘానికి గుర్తింపు లేదు. బాధంతా ఒకచోట, కుర్చీ ఇంకోచోట.

అయినా చరిత్ర చూడండి. 1973 ఆగస్టులో దేశమంతటా లోకో సిబ్బంది సమ్మె చేసి, పది గంటలకు మించి డ్యూటీ ఉండదన్న హామీ తెచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది మే 8 నుంచి 27 వరకు జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో సాగిన రైల్వే సమ్మెలో ఎన్నో వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1977లో ప్రభుత్వం మారాకే తిరిగి చేరారు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. తర్వాత నాకు పని నేర్పిన సీనియర్లు ఆ మూడేళ్లు ఏం చేసి బతికారో డ్యూటీల మధ్య విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో పడుకుని చెబుతుండేవారు. ఇంత జరిగినా లోకో పైలట్లు వారానికి ఒకసారి 46 గంటల విశ్రాంతి ఇవ్వండని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అది మీ శాఖ కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

అమ్మాయికి చెప్పేముందు వాళ్ల రంగం సంగతీ తెలుసుకున్నాను. రిటైరైనవాడికి తీరికే తీరిక. అమెరికాలో పైలట్ల జాతీయ సంఘం 1931లో పుట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 1963లో అందులోంచి బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకున్నారు. అరవై ఏళ్లు గడిచాక, మళ్లీ పాత ఇంటికి పోదామా అని ఇటీవల వాళ్లలో వాళ్లకే చర్చ నడిచింది. కాబట్టి ఇది ఒకసారి తేల్చుకుంటే తీరిపోయే ప్రశ్న కాదు. సొంత సంఘం చేతకానిదనీ అనలేను. 2022 డిసెంబరు చివర్లో అమెరికాలోని సౌత్‌వెస్ట్ విమాన సంస్థ పది రోజుల్లో 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసుకుంది. సిబ్బందికి డ్యూటీలు వేసే కంప్యూటర్ వ్యవస్థ పాతబడిందని అంతకు చాలాముందే హెచ్చరించింది అక్కడి పైలట్ల సొంత సంఘమే. పొయ్యి దగ్గర ఉన్నవాళ్లకే గదా కుండ పగిలిందని ముందు తెలిసేది.

మన దగ్గరా ఉదాహరణలు ఉన్నాయి. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నారు. పేరులో నేషనల్ ఉన్నా అది ఆ ఒక్క సంస్థ వాళ్లదే. సంఘం పెట్టినందుకు ఇద్దరు పైలట్ల ఉద్యోగాలు పోయాయి. సెప్టెంబరులో వందల మంది ఐదు రోజులు మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టాక గానీ ఆ ఇద్దరినీ తిరిగి తీసుకోలేదు. 2012లో ఎయిర్ ఇండియాది ఇంకో కథ. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థలను కలిపారు గానీ పైలట్ల సంఘాలు రెండుగానే ఉండిపోయాయి. కొత్తగా వస్తున్న బోయింగ్ 787 విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న పేచీతో ఒక సంఘం వాళ్లు 58 రోజులు సమ్మె చేశారు. ఒకే గొడుగు కింద ఉన్నవాళ్లు ఒకరి వాటా ఇంకొకరు తినేస్తున్నారని కొట్టుకుంటే, పైనుంచి చూసేవాళ్లకు పని తేలికవుతుంది. సంఘం గుర్తింపు రద్దయింది, వందమంది దాకా ఉద్యోగాలు ఊడాయి. చివరికి ఢిల్లీ హైకోర్టులో మాట ఇచ్చి డ్యూటీకి వెళ్లారు.

ఇవన్నీ చెప్పి అమ్మాయితో ఒక మాట అన్నాను: "ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు చూడు, సొంత సంఘం అలాంటిది. హోటల్ గది బాగాలేదన్నా, డ్యూటీల పట్టిక, అదే రోస్టర్, ముందు రోజు మార్చారన్నా అది గట్టిగా అరవగలదు. కానీ నువ్వు ఎన్ని గంటలు పడుకోవాలో మీ సంస్థ ఒక్కటే నిర్ణయించదు, ఢిల్లీలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిర్ణయిస్తుంది. అక్కడికి వెళ్లాలంటే అన్ని సంస్థల పైలట్లూ ఒకే గొంతుతో వెళ్లాలి." అమ్మాయి వెంటనే అడిగింది: "వెళితే వింటారా నాన్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందనే ఈ ఉత్తరం.

పైలట్ల అలసట మీద కొత్త నిబంధనలు 2024 జనవరిలో వచ్చాయి. వారానికోసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి డ్యూటీలో ఆరుసార్లు దిగే వీలున్న చోట రెండుసార్లకే పరిమితం చేశారు. అర్ధరాత్రి నుంచి ఐదు వరకే రాత్రి అని లెక్కపెట్టే చోట ఆరు వరకు పొడిగించారు. వినడానికి ఒక్క గంటే. తెల్లవారుజామున నాలుగున్నరకు బండి నడిపినవాడిని అడగండి, ఆ గంట విలువ చెబుతాడు. ఎర్ర సిగ్నల్ చూస్తూనే ఉంటాం, అది ఎరుపని బుర్రకు ఎక్కడానికి ఇంకో క్షణం పడుతుంది.

ఆ ఏడాది జూన్‌లో అమలు కావాల్సిన నిబంధనలు సంస్థలు అడ్డం చెప్పడంతో వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి పట్టుబట్టాక, 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమల్లోకి వచ్చాయి. అక్కడ పిటిషన్లు వేసిన వాటిలో సంస్థ వారీ సంఘాలూ ఉన్నాయి, జాతీయ సమాఖ్యా ఉంది. ఇది మా అమ్మాయికి చెబితే ముఖం కాస్త వెలిగింది. ఆ వెలుగు డిసెంబరు గుర్తుకు రాగానే ఆరిపోయింది. సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్లు దొరికినా సరిపడా పైలట్లను సమకూర్చుకోని ఇండిగో, డిసెంబరు మొదటి వారంలో వేల విమానాలు రద్దు చేసింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఆగిపోయాయి. అదే రోజు మీరు నిబంధనలను పక్కన పెట్టారు. ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు దొరికింది. సెలవును వారపు విశ్రాంతి కింద జమకట్టకూడదన్న షరతును అన్ని సంస్థలకూ ఎత్తేశారు.

ఆ రోజు విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్న పసిపిల్లల్ని నేనూ టీవీలో చూశాను. మీ మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించగలను. తర్వాత ఆ సంస్థ విమానాలను పది శాతం తగ్గించమన్నది కూడా మీరే. అది కాదనను. కానీ తప్పు లెక్క వేసినది సంస్థ, నష్టపోయింది పైలట్ నిద్ర. రైల్వేలో బండి ఆలస్యమైతే గార్డు జీతం కోసినట్టుంది. మినహాయింపు వచ్చాక పైలట్ల సంఘాలు తమ అభ్యంతరాన్ని పత్రికల్లో చెప్పుకోవాల్సి వచ్చింది. ముందే పిలిచి అడిగి ఉంటే ఆ మాట మీ గదిలోనే చెప్పేవాళ్లు.

అందుకే అడుగుతున్నాను. ఇకమీదట విశ్రాంతి నిబంధనల్లో ఏ సడలింపు ఇవ్వాలన్నా, ఎంత అత్యవసరమైనా, సంతకానికి ముందు పైలట్ల ప్రతినిధులను కూర్చోబెట్టండి. ఒక్క పూట చాలు. వాళ్లు చెప్పింది ఏమిటో, దాన్ని ఎందుకు ఒప్పుకోలేదో ఉత్తర్వులోనే రాయండి. అలా జరిగితే ఏ సంఘంలో చేరాలన్న ప్రశ్నకు ఒక అర్థం ఉంటుంది.

ఇంకొకటి ఉంది, ఇది కార్మిక శాఖతో మీరు కలిసి చేయాల్సింది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఒక సంస్థలో 51 శాతం మంది మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే, 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున మండలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ పైలట్ అసలు కార్మికుడేనా అన్న వాదన ఏళ్లుగా కోర్టుల్లో నలిగింది. లక్షల జీతం తీసుకునేవాడు కార్మికుడేమిటని యాజమాన్యాలు అడుగుతాయి. జీతం ఎంతైనా రోస్టర్ వేసేది వేరొకరు, అది మోసేది వీళ్లు. ఇక 51 శాతాన్ని చీల్చాలనుకునే యాజమాన్యం చేయాల్సిందల్లా, ఆఫీసులో ఒక గదీ రెండు కుర్చీలూ ఇచ్చి ఒక ముద్దుల సంఘాన్ని పుట్టించడమే. మా రైల్వేలో గుర్తింపు సంఘాన్ని 2007, 2013, 2024లలో రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకున్నారు. లోపాలున్నా, ఎవరు ఎటు ఓటేశారో అధికారికి తెలియదు. పైలట్లకూ అదే కావాలి. సంఘంలో చేరే ఫారం ఫోనులో నింపితే, ఆ పేరు ఎవరి బల్ల మీదికి వెళుతుందో అమ్మాయికి తెలియదు. అది యాజమాన్యానికి నచ్చకపోతే ఉద్యోగం వదిలేసి వెళ్లడమూ తేలిక కాదు. మీ డీజీసీఏ నిబంధన ప్రకారమే కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. ఆ ఆరు నెలలూ రోస్టర్ వేసేది ఎవరో మీకు చెప్పనక్కర లేదు. సంస్థ పేరు రాయనన్నది అందుకే.

రెండో రోజు రాత్రి అమ్మాయిని గన్నవరంలో దింపడానికి వెళ్లాను. దారిలో కేసరపల్లి దగ్గర ఫోను మోగింది. మర్నాటి ఉదయం డ్యూటీ అర్ధరాత్రికి మారిందట. "సరే సర్" అంది. ఫోను పెట్టేసి, ఆ ఫారం తెరిచి కాసేపు చూసి మళ్లీ మూసేసింది. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. వచ్చే వారం మళ్లీ వస్తానంది, అదీ రోస్టర్ మారకపోతే. చెక్కబోర్డు తలుపు మీదే ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లోకో పైలట్,
సత్యనారాయణపురం, విజయవాడ