ఆగిపోయిన బిల్లుల లెక్క ముందు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

రాబోయే ఎన్నికల్లో మా చిత్తూరు నుంచి శాసనసభకు నిలబడతానంటున్న ఒకరు పోయిన వారం మిట్టూరులో ఇంటింటికీ కరపత్రం పంచారు. ఇలాంటి కాగితాల్లో మామూలుగా పథకాలే ఉంటాయి. ఇందులో మాత్రం శాఖలు కుదించడం, సలహాదారుల పదవులు తగ్గించడం, ప్రభుత్వ కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పులు బడ్జెట్‌లో చూపించడం, ఆగిపోయిన బిల్లుల వివరాలు నెలనెలా బయటపెట్టడం అని రాశారు. ఓటు అడగడానికి వచ్చిన మనిషి లెక్కల గురించి మాట్లాడినందుకు నిజంగా సంతోషించాను. బిల్లులు పాసు చేసే ఆఫీసుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తోచింది చెప్పాలనిపించింది.

కరపత్రంలో అన్నిటికన్నా చివర పెట్టిన బిల్లుల సంగతే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. మన ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో నడుస్తాయి. ఖజానా నుంచి డబ్బు బయటికి వెళ్లిన రోజే అది ఖర్చు కింద లెక్క. పని పూర్తయి, ఎం.బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు ఎక్కి, బిల్లు ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, సొమ్ము ఇవ్వనంతవరకు ఆ బాకీ ద్రవ్యలోటులో (ప్రభుత్వం తన రాబడికి మించి పెట్టే ఖర్చులో) కనిపించదు. 2005లో మన రాష్ట్రం చేసుకున్న ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం (ఆర్థిక క్రమశిక్షణ కోసం చేసిన చట్టం) ఆ లోటుకు కూడా హద్దు పెట్టింది. లోటు తక్కువని చూపించడానికి బిల్లులు ఆపడం కంటే సులువైన దారి లేదు. మార్చి 31తో ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోతుంది. బిల్లు వెనక్కి వస్తుంది. కొత్త బడ్జెట్ విడుదలయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

మార్చి నెలాఖరు వస్తే మాకూ టెన్షనే. ఒక చిన్న కాంట్రాక్టరు బడిలో మరుగుదొడ్లు కట్టి, సిమెంటు అంగడికి బాకీపడి, "సార్, మా టోకెన్ కదిలిందా?" అని, బిల్లుకు ఇచ్చిన నంబరు పట్టుకుని రోజూ వచ్చి అడిగేవాడు. చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. భార్య నగలు కుదువపెట్టానని ఒకరోజు మెల్లగా అన్నాడు. అలా దెబ్బతిన్నవాళ్లు మళ్లీ టెండరు వేయరు. వేసేవాళ్లు, డబ్బు ఆలస్యంగా వస్తుందని తెలిసి ఆ వడ్డీ కూడా ధరలో కలుపుకుంటారు. చివరికి మన పన్నుల మీదే ఆ బరువు పడుతుంది. పొదుపు గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టాలి.

కార్పొరేషన్ల అప్పుల మాట కూడా మంచిదే. బడ్జెట్ సొమ్ముతో తీర్చే అలాంటి అప్పులను 2022 నుంచి కేంద్రం రాష్ట్ర రుణ పరిమితిలోనే లెక్కిస్తోంది. అయినా అవి ఎంతో జనానికి తెలిసేలా ఒకచోట పెట్టాలి.

శాఖలు కుదించడం మాత్రం ఒక్క ఎమ్మెల్యే చేతిలో ఉండే పని కాదు, అది మంత్రివర్గం చేయాలి. ఎమ్మెల్యే చేతిలో ఉన్నవి వేరే. పద్దుల (శాఖలవారీ ఖర్చు ప్రతిపాదనల) మీద చర్చ జరిగే రోజుల్లో సభలో కూర్చోవాలి. చర్చకు రాని పద్దులన్నీ ఆఖరి రోజు గిలెటిన్ పేరుతో ఒక్క ఊపులో ఆమోదం పొందుతాయి. అలా జరగనివ్వకుండా పట్టుబట్టాలి. రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ అధికారి) నివేదిక సభ ముందుకు రావాలి, కానీ ఎన్నాళ్లలోగా అన్నది అందులో లేదు. ఆ గడువు కోసం అడగాలి. 2025లో తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలని, అందులో 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుందని ప్రకటించినప్పుడు మా జిల్లా రైతులు ఊపిరి పీల్చుకున్నారు. అలాంటి ప్రకటన వచ్చిన రోజే ఆ సొమ్ము ఏ పద్దు నుంచి, ఏ నెలలో వస్తుందో కూడా చెప్పించాలి.

ఆ అభ్యర్థి వచ్చే ఆదివారం కట్టమంచిలో జనంతో మాట్లాడతారట. నేను వెళ్తాను. గెలిస్తే మొదటి బడ్జెట్ సమావేశాల్లోనే, చిత్తూరు జిల్లాలో ఏ శాఖలో ఎన్ని బిల్లులు ఎన్ని నెలలుగా ఆగాయో సభలో ప్రశ్న వేస్తారా, వచ్చిన జవాబును ఈ కరపత్రంలాగే ఇంటింటికీ పంచుతారా అని అడుగుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
మిట్టూరు, చిత్తూరు.