“జీవో ఉందా?” అని అడగడం మాకు కరోనా నేర్పింది

ఎడిటర్ గారికి నమస్కారం.

కరోనా తర్వాత పిల్లలు పేపర్ చదవడం మానేశారు, వాట్సాప్‌లో ఏదొస్తే అది నమ్మేస్తున్నారు అని పెద్దవాళ్లు తరచూ అంటుంటారు. మాది నెల్లూరు జిల్లా, 2021లో నేను ఇంటర్ సెకండియర్. పేపర్ మానేసిన మాట నిజమే, ఏదొస్తే అది నమ్ముతున్నామనడం మాత్రం నిజం కాదు.

2020లో లాక్‌డౌన్ పెట్టగానే పేపర్ మీద వైరస్ ఉంటుందేమోనని కొన్నాళ్లు ఎండలో పెట్టి చదివాం, తర్వాత నాన్న మొత్తానికే మాన్పించాడు. ఇక క్లాసులూ ఫోన్‌లోనే, చావు వార్తలూ ఫోన్‌లోనే.

2021 మే 5న మొదలవ్వాల్సిన మా పరీక్షలు సరిగ్గా మూడు రోజుల ముందు వాయిదా పడ్డాయి, రద్దు చేస్తున్నామని ప్రభుత్వం చెప్పింది జూన్ 24న. మధ్యలో యాభై రోజులకు పైగా యూట్యూబ్‌లో రోజుకో పరీక్ష తేదీ, దానికింద “ఇప్పుడే అందిన వార్త” అని ఎర్రక్షరాలు. చదవాలో మానాలో తెలియక, అర్ధరాత్రి మెలకువ వచ్చినా ముందు ఫోనే చూసుకునేదాన్ని, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పుడే అలవాటైంది, గ్రూపులో ఎవరు ఏం పెట్టినా “జీవో ఉందా? బోర్డు నోటీసు ఉందా?” అని అడగడం.

అదే మే నెలలో కృష్ణపట్నం మందు, అంటే మా జిల్లాలోనే ఆనందయ్య కరోనాకని ఇచ్చిన నాటుమందు. జనం పోటెత్తడంతో 21న పంపిణీ ఆపేశారు. 31న ప్రభుత్వం వాళ్లు కంటి చుక్కలు తప్ప మిగతావి ఇవ్వొచ్చన్నారు, ఆ మందుతో కరోనా తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని కూడా అన్నారు. ఆ రెండో మాట ఎంతమందికి చేరింది? మా మామయ్యకి పాజిటివ్ వచ్చి, మాత్రలు ఆపేసి అక్కడికే వెళ్తానని పట్టుబట్టాడు. ఒక ఛానల్లో అద్భుతం, ఇంకో ఛానల్లో మోసం, ఇంట్లో ఒకటే గొడవ. చివరికి ఆయన విన్నది మా ఊరి ఆశా అక్క మాట. “మాత్రలు మాత్రం ఆపకు అన్నా, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఇంట్లో ఉండొద్దు” అంది. ఇంకేమన్నా అడిగితే “నాకు తెలీదు, పీహెచ్‌సీలో కనుక్కుని చెప్తా” అనేది, కనుక్కుని మరీ చెప్పేది. మా ఇంట్లో అందరికంటే ఆవిణ్ణే నమ్మడానికి కారణం అదే.

మిమ్మల్ని అడిగేది కూడా అదేనండి. జ్వరాల సీజన్లో గానీ, రేపు ఇంకేదైనా కొత్త రోగం వచ్చినప్పుడు గానీ, తెలియనిది “ఇంకా తెలియలేదు” అనే వేయండి. మొదటి పేజీలో తప్పు పడితే సవరణ కూడా మొదటి పేజీలోనే వేయండి, లోపల ఏ మూలనో చిన్నక్షరాల్లో వద్దు. పరీక్షల వార్తయితే పక్కనే జీవో నంబరు ఇవ్వండి.

ఇప్పుడు మా హాస్టల్‌కి వచ్చేది మీ పేపర్ ఒక్కటే. మీరు అలా వేసిన రోజు ఆ పేజీ ఫొటో తీసి మా గ్రూపులన్నిటిలో నేనే పెడతాను.

— ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా