కామెర్ల కేసుల్లో యాంటీబాడీ పరీక్షలూ కావాలి

సంపాదకులకు,

మన విశాఖలో కళ్లు పచ్చబడగానే చాలామంది మొదట వెళ్లేది పసరు మందు వేసేవాళ్ల దగ్గరికే. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. ఆస్పత్రికి వెళ్తే హెపటైటిస్ బి, సి పరీక్షలు చేస్తారు. అవి నెగటివ్ వచ్చి, మద్యం అలవాటు కూడా లేదంటే ఆ తర్వాత ఏం చూడాలన్న దగ్గరే ఆలస్యం జరుగుతోంది.

మా వదినకు నెలల తరబడి, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ దిగలేదు. లివర్ టానిక్కులే రాస్తూ వచ్చారు. పైగా మద్యం తాగుతారా అని ఆవిడను పదే పదే అడిగారు, ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. చివరికి ఒక గ్యాస్ట్రో డాక్టరు ఏఎన్ఏ, ఏఎస్ఎంఏ (సొంత కణాలకు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలు), ఐజీజీ (రక్తంలోని యాంటీబాడీల్లో ప్రధాన రకం) పరీక్షలు రాశారు. ఆపైన బయాప్సీలో (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని తేలింది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు ఇది. ఆడవాళ్లలో ఎక్కువ, పిల్లలకూ వస్తుంది. పిల్లలకైతే ఎల్‌కేఎం-1 అనే మరో యాంటీబాడీ కూడా చూడాలి. మధ్యలో కొన్నాళ్లు దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి పసరు పనిచేసిందని నమ్మే ప్రమాదం ఇందులో ఇంకా ఎక్కువ. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్), అజాథయోప్రిన్ వంటి పాత మందులతోనే చాలామందికి అదుపులోకి వస్తుంది. ఆలస్యమైతే సిరోసిస్, అంటే కాలేయం గట్టిపడి పాడైపోవడమే.

దురదతో చర్మ డాక్టర్ల చుట్టూ తిరిగే నడివయసు ఆడవాళ్లలో కొందరికి అసలు జబ్బు పీబీసీ (ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్) కావచ్చు. అది కాలేయంలోని సన్నటి పైత్యనాళాలను దెబ్బతీస్తుంది. ఆ రోగుల్లో నూటికి 90 మందికి పైగా ఏఎంఏ అనే యాంటీబాడీ పాజిటివ్ వస్తుంది.

అలాగని ఏఎన్ఏ పాజిటివ్ అన్న ఒక్క కాగితం చూసి స్టెరాయిడ్లు మొదలుపెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో కూడా అది కనిపిస్తుంది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను తేల్చడానికి 2008లో వచ్చిన స్కోరు పద్ధతిలో యాంటీబాడీలు ఎంత ఎక్కువున్నా 2 పాయింట్లే. మొత్తం 6 వస్తేనే ఆ జబ్బు కావచ్చంటారు. మిగతావి ఐజీజీ, బయాప్సీ, వైరస్ లేదన్న రుజువు నుంచి రావాలి. కొందరికి జబ్బు ఉండి కూడా మొదట్లో యాంటీబాడీలు కనిపించవు.

ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రులు కేజీహెచ్‌కు, విమ్స్‌కు శ్రీకాకుళం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి కూడా పేదలు వస్తారు. కారణం తేలని కాలేయ రోగులందరికీ ఈ పరీక్షలు ప్రభుత్వ ఖర్చుతోనే జరగాలి. రిపోర్టు రోగి చేతికిచ్చి పంపకుండా కాలేయ నిపుణులు చూసి చెప్పే ఏర్పాటు కూడా ఉండాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం