గత ఏడాదిన్నరలో మా దగ్గర నాస్ బాక్స్ తీసుకున్నవాళ్లకు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మా దగ్గర నాలుగు డిస్కుల నాస్ బాక్స్ (ఇంట్లోని కంప్యూటర్లూ ఫోన్లూ కెమెరాలూ నెట్‌వర్క్ మీద వాడుకునే డేటా పెట్టె) తీసుకున్నవాళ్లలో పదకొండు మందికి వేయకూడని రకం హార్డ్ డిస్కులు వేసిచ్చాను. కావాలని చేసింది కాదు, అలాగని తెలియక జరిగిపోయిందని తప్పించుకోలేను, తెలుసుకోవడమే నా పని కాబట్టి. ఆ పదకొండు మందికీ మా ఖర్చుతోనే డిస్కులు మారుస్తున్నాం, ఎలా మారుస్తామో చివర్లో రాశాను. మిగతావాళ్లు కూడా ఒకసారి చదవండి, ఎందుకంటే ఇకమీదట మేం డిస్కులు ఎంచుకునే పద్ధతి మారింది, దానివల్ల డెలివరీ నాలుగైదు రోజులు ఆలస్యమవుతుంది.

జరిగింది ఇదీ. కిందటి నెల ఒక కస్టమర్ ఇంట్లో బాక్స్ బీప్ బీప్ అని అరవడం మొదలుపెట్టింది. అందులో నాలుగు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 5 అనే పద్ధతిలో కలిపి పెట్టినవి. ఒక డిస్క్ పోయింది. రెయిడ్ 5 పెట్టుకునేదే అందుకు కదా, ఒకటి పోయినా మిగతా మూడింటితో డేటా అంతా నిలబడుతుంది, కొత్తది పెడితే పోయినదాంట్లో ఏముందో లెక్కకట్టి రాసుకుంటుంది. నేను వెళ్లి అదే మోడల్ కొత్త డిస్క్ పెట్టి, రీబిల్డ్, అంటే ఆ లెక్కకట్టి రాసుకునే పని, మొదలుపెట్టి, పొద్దున్నకల్లా అయిపోతుందండీ అని ధీమాగా చెప్పి వచ్చేశాను. మామూలుగా 4 టీబీకి పది పన్నెండు గంటలు చాలు. పొద్దున్న చూస్తే 9 శాతం. మర్నాటికి 17. ఆ ఇంటి కెమెరాల రికార్డింగ్ కూడా రాత్రీ పగలూ అదే బాక్స్ మీదికి పోతోంది, దాన్ని ఆపమని చెప్పాలని నాకు తట్టనే లేదు. నాలుగో రోజు పాత డిస్కుల్లో ఇంకొకటి ఏదో ఒక సెక్టర్ (డేటా రాసే చిన్న గడి) దగ్గర ఇరుక్కుపోయి పలకలేదు, బాక్స్ అది కూడా చచ్చిందనుకుని బయటికి తోసేసింది, వాల్యూమ్, అంటే నాలుగు డిస్కులూ కలిసి ఒకటిగా కనిపించే చోటు, మొత్తం క్రాష్.

నిజానికి ఆ రెండో డిస్క్ చావలేదు. దాన్ని సెక్టర్ సెక్టర్‌గా వేరే డిస్క్ మీదికి కాపీ తీసి, రెయిడ్‌ను బలవంతంగా నిలబెట్టి, పది రోజులు దానితోనే కుస్తీ పడితే దాదాపు అంతా వచ్చింది. కొన్ని వీడియోలు మధ్యలో తెగిపోయాయి, వాటిని ఇక ఎవరూ బాగుచేయలేరు. ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఎందుకిలా అయిందంటే రెండు కారణాలు, మొదటిది డిస్క్ స్పెసిఫికేషన్ కాగితంలోనే రాసి ఉంది.

మొదటిది, ఆ డిస్కులు ఎస్ఎంఆర్ రకం. పెంకుటింటి కప్పు చూడండి, ఒక వరస పెంకుల అంచు మీద ఇంకో వరస కూర్చుంటుంది, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవరసలు కదిలించాలి. ఈ డిస్కుల్లో డేటా రాసే గీతలు, అంటే ట్రాకులు, అలాగే ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. లోపల తిరిగే పళ్లేలు తక్కువున్నా ఎక్కువ డేటా పడుతుంది, అందుకే చవక. కానీ పాత చోట కొంచెం మార్చి రాయాలన్నా అలా ఎక్కి ఉన్న ట్రాకుల పట్టీ మొత్తం చదివి మళ్లీ రాయాలి. ఆ బాధ మనకు కనిపించకుండా డిస్క్ ముందుగా ఒక చిన్న క్యాష్ ప్రాంతంలో రాసేసుకుని, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. మామూలు కంప్యూటర్లో తీరిక దొరుకుతుంది, కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. రీబిల్డ్‌లో, అందులోనూ కెమెరాలు ఒకపక్క రాస్తూ ఉంటే, తీరిక ఎక్కడిది? క్యాష్ నిండిపోతుంది, వేగం ఒక్కసారిగా కూలిపోతుంది. సీఎంఆర్ రకంలో ట్రాకులు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి, ఈ గొడవే లేదు. నాస్‌కు సీఎంఆరే వేయాలి.

రెండోది, ఒక చోట చదవడం కష్టమైనప్పుడు డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలన్నది. డెస్క్‌టాప్ డిస్క్ పట్టు వదలకుండా నిమిషాల తరబడి ప్రయత్నిస్తుంది, ఎందుకంటే ఆ డేటాకు వేరే కాపీ లేదని దాని లెక్క. నాస్ డిస్క్ ఏడు సెకన్లు చూసి 'ఇది నావల్ల కాలేదు' అని చెప్పేస్తుంది, అప్పుడు రెయిడ్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్క తెచ్చుకోవచ్చు. డిస్క్ ఏమీ చెప్పకుండా మొండికేస్తే బాక్స్ కొంతసేపు చూసి దాన్నే పక్కన పెట్టేస్తుంది. అప్పటికే ఒక డిస్క్ తక్కువగా ఉన్న ఆ బాక్స్‌ను ముంచింది ఇదే.

మరి అవి ఎందుకు వేశానంటే, అప్పట్లో నేను రోజూ వేసే నాస్ మోడల్ స్టాక్ లేదు, సరఫరా చేసే అతను 'ఇదీ 4 టీబీనే, అందరూ ఇదే తీసుకుంటున్నారు' అన్నాడు, నాకూ ఆర్డర్లు ఆగిపోతున్నాయనే టెన్షన్, సరే అన్నాను. అతన్ని అని లాభం లేదు. రికార్డింగ్ టెక్నాలజీ అన్న ఒక్క వరస చూసుకుని ఉంటే తెలిసిపోయేది.

లేబుల్ మీద నాస్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, అది వేరే కథ. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల విషయంలో పెద్ద గొడవ జరిగింది. నాస్ కోసమని అమ్మిన 2 నుంచి 6 టీబీ మోడళ్లలో కొన్ని ఎస్ఎంఆర్ అని, ఆ సంగతి స్పెసిఫికేషన్లలో చెప్పలేదని బయటపడింది. ఆ తర్వాతే కంపెనీ ఏ మోడల్ ఏ రకమో జాబితా ఇచ్చి, సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. 4 టీబీలో డబ్ల్యూడీ40ఈఎఫ్ఆర్ఎక్స్ అంటే సీఎంఆర్, డబ్ల్యూడీ40ఈఎఫ్ఏఎక్స్ అంటే ఎస్ఎంఆర్. ఒక్క అక్షరం తేడా. అందుకే ఇకనుంచి మా బిల్లు మీద '4 టీబీ హార్డ్ డిస్క్' అని ఉండదు, పూర్తి మోడల్ నంబరు, ప్రతి డిస్క్ సీరియల్ నంబరు ఉంటాయి. ఆ సీరియల్‌తో వారంటీ ఎప్పటిదాకా ఉందో కంపెనీ సైట్‌లో మీరే చూసుకోవచ్చు.

ఇప్పుడు మేం వేసేవి సీగేట్ ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్, తోషిబా ఎన్300, ఈ మూడే. మూడింటిలో ఏది బెస్ట్ అని రోజుకొకరు అడుగుతున్నారు, నిజం చెప్పాలంటే ఇంటి వాడకానికి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు, ఆ వారం ఏది మంచి వారంటీతో దొరికితే అది. ఏడాదికి ఎంత డేటా చదివి రాయడానికి తయారుచేశారన్నది మాత్రం చూడండి: డెస్క్‌టాప్ డిస్క్‌కు 55 టీబీ అని రాసే చోట ఈ రకానికి 180 టీబీ అని ఉంటుంది, అవే కంపెనీల ప్రో అని పేరున్న రకాలకు 300 లేదా 550. వారంటీ వీటికి మూడేళ్లు, ప్రోకు ఐదేళ్లు. కెమెరాలు రోజంతా రాసే ఇళ్లకు ప్రో వేసుకోమంటాను, ఫొటోలూ సినిమాలూ పెట్టుకునేవాళ్లకు అక్కర్లేదు. ఇక సర్వర్లలో వేసే ఎంటర్‌ప్రైజ్ డిస్కులు, ఎక్సోస్ లాంటివి, ఒక్కోసారి వాటి ధర చూస్తే ఆశ పుడుతుంది. బాగానే పనిచేస్తాయి కానీ టకటకమని శబ్దం. బాక్స్ పడకగదిలో ఉంటే మూడో రోజే నాకు ఫోన్ వస్తుంది.

ఇంకో మాట. మీలో చాలామందికి నాలుగు డిస్కుల బాక్స్ అవసరమే లేదు, అది అమ్మింది కూడా నేనే, సరే. నాలుగు 4 టీబీ డిస్కులు రెయిడ్ 5లో పెడితే వాడుకోవడానికి 12 టీబీ వస్తుంది. రెండు 12 టీబీ డిస్కులు ఒకదానికొకటి అద్దంలా పెట్టినా అంతే వస్తుంది. సగం చోటు వృథా అనిపిస్తుంది కానీ తిరిగే డిస్కులు తక్కువ, వేడి తక్కువ, కరెంటు తక్కువ, ఒకటి పోతే రెండోదాన్నుంచి నేరుగా కాపీ చేయడమే, లెక్కకట్టే పని లేదు. పెద్ద డిస్కులకు రీబిల్డ్ ఎక్కువసేపు పడుతుందన్నది మాత్రం నిజమే. 16 టీబీ డిస్క్‌ను సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా 22 గంటలు. లోపలి ట్రాకుల దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గుతుంది కాబట్టి ఒకటిన్నర రోజు అనుకోండి. అంత పెద్దవి నాలుగైదు పెట్టాలనుకునేవాళ్లకు ఇకమీదట రెయిడ్ 5 వేయను, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 మాత్రమే.

డెలివరీ ఆలస్యం ఎందుకంటే, ఇప్పుడు ప్రతి డిస్క్‌ను మా బల్ల మీద మొత్తం ఒకసారి రాసి, మొత్తం చదివి, ఆ తర్వాత పొడుగు స్మార్ట్ టెస్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే పరీక్ష) పెట్టి, రీఎలొకేటెడ్ సెక్టర్లు (పాడై వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టర్లు (చదవలేక అనుమానంలో ఉన్నవి) రెండూ సున్నా ఉంటేనే పంపుతున్నాం. 12 టీబీకి ఒక్కో దశ ముప్పావు రోజు పైనే పడుతుంది. ఇది చాదస్తం కాదు. 2025 మొదట్లో, వేల గంటలు వాడేసిన సీగేట్ ఎక్సోస్ డిస్కుల్లో ఆ గంటల లెక్కను చెరిపేసి కొత్తవని అమ్ముతున్నారని బయటపడింది. అలా అమ్మింది తాను కాదని కంపెనీ చెప్పింది. స్మార్ట్‌లో సున్నా గంటలు చూపించిన డిస్కులు ఫార్మ్ అనే లోపలి లాగ్‌లో మాత్రం అసలు గంటలు చూపించాయి. కాబట్టి సీగేట్ డిస్క్ వస్తే ఆ లాగ్ కూడా తీసి చూస్తున్నాం. కుదిరినప్పుడు ఒకే బాక్స్‌కు రెండు వేర్వేరు బ్యాచుల డిస్కులు వేస్తున్నాం, ఒకే రోజు తయారై ఒకేలా తిరిగినవి ఒకేసారి మూలపడే అవకాశం ఉంది కాబట్టి.

4 టీబీ అని చెప్పి 3.63 ఇచ్చారని అడిగినవాళ్లకు: మోసం లేదు, కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, బాక్స్ 1024తో గుణిస్తుంది, అంతే.

ఇక ఆ పదకొండు మంది సంగతి. పేర్లు రాయను, ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. కెమెరాలు ఉన్న ఐదు ఇళ్లు ముందు, మిగతావి తర్వాత, వారానికి రెండు చొప్పున. డిస్కులు ఒక్కొక్కటిగా తీసి మార్చడం కాదు, అలా చేస్తే నాలుగుసార్లు రీబిల్డ్, నాలుగుసార్లు గండం. ఒక పెద్ద డిస్క్ తెచ్చి ముందు డేటా అంతా కాపీ తీస్తాం, మీరు కూర్చుని మీకు కావాల్సిన ఫోల్డర్లు నాలుగు తెరిచి చూసుకుంటారు, మీరు సరే అన్నాకే పాతవి తీసి, కొత్త సీఎంఆర్ డిస్కులతో కొత్త వాల్యూమ్ చేసి, వెనక్కి పోస్తాం. రెండు మూడు రోజులు బాక్స్ మీకు పనిచేయదు, కెమెరాలకు తాత్కాలికంగా వేరే డిస్క్ పెట్టి ఇస్తాం. పాత డిస్కులు మీ దగ్గరే ఉంచుకోండి. రెయిడ్‌కు పనికిరావు కానీ యూఎస్‌బీ కేసులో పెట్టి నెలకోసారి బ్యాకప్ తీసి బీరువాలో దాచుకోవడానికి బంగారంలా పనికొస్తాయి, ఆ కేసు కూడా మేమే ఇస్తాం. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకని నాతో వాదించినవాళ్లు ఈ పదకొండు మందిలో కనీసం ఆరుగురు ఉన్నారు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ దాన్ని నాలుగు డిస్కుల్లోంచీ అంతే శ్రద్ధగా డిలీట్ చేస్తుంది.

మేం వచ్చేలోపు బాక్స్ బీప్ కొడితే డిస్క్ బయటికి లాగకండి, రీస్టార్ట్ చేయకండి, కొత్త డిస్క్ కొని పెట్టేయకండి. కెమెరా రికార్డింగ్ ఆపేయండి, పోతే ఏడ్చే ఫోల్డర్లు ఏవో అవి ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి, నాకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా ఎత్తుతాను. మీ బాక్స్‌లో ఏ డిస్కులున్నాయో అనుమానంగా ఉంటే స్టోరేజ్ పేజీలో మోడల్ నంబరు కనిపించేలా స్క్రీన్ ఫొటో తీసి పంపండి, నంబరు పూర్తిగా పడాలి, చివరి అక్షరాలు కట్ అయితే మళ్లీ అడుగుతాను.