పరిహారం ఎంతో చెప్పారు, ఎవరికి చేరిందో కూడా చెప్పండి

సంపాదకులకు,

పశువులకు రోగం వచ్చి ప్రభుత్వం పరిహారం ప్రకటించిన ప్రతిసారీ పేపర్లన్నీ పెద్ద అక్షరాలతో వేసేది ఒకటే అంకె, ఇన్ని కోట్లు అని. ఆర్నెల్లు పోయాక ఆ కోట్లు ఎవరి జేబులో పడ్డాయని వెనక్కి వెళ్లి అడిగిన వార్త నాకు కనబడడం చాలా అరుదు. పశువుల పెంపకందారులకు సాయం న్యాయమా కాదా అని వాదించుకునేవాళ్లు కూడా ఎక్కువ ఇచ్చారా తక్కువ ఇచ్చారా అనే దగ్గరే ఆగిపోతున్నారు. నన్నడిగితే అసలు తగాదా ఎంత ఇచ్చారన్నది కాదు, ఏ దారిన ఇచ్చారన్నది.

కెనడాలో ఏం జరిగిందో చూడండి. 2003 మే 20న అల్బెర్టా రాష్ట్రంలో ఒక్క ఆవుకు మ్యాడ్ కౌ వ్యాధి (ఆవు మెదడును తినేసే రోగం, మాంసం ద్వారా మనుషులకూ రావచ్చు) ఉందని తేలింది. ఒక్కటంటే ఒక్కటే. అదే రోజు అమెరికా సరిహద్దు మూసేసింది, మిగతా దేశాలు వరస కట్టాయి. ఎగుమతుల మీద బతికే మంద అది, కొనేవాడు లేకపోయేసరికి కోతకు సిద్ధంగా ఉన్న పశువుల ధర రెండు నెలలు తిరక్కుండానే సగానికన్నా కిందికి జారిపోయింది. జూన్‌లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి 46 కోట్ల డాలర్ల పథకం ప్రకటించాయి. వినడానికి బాగానే ఉంది కదా. మెలిక ఎక్కడుందంటే, పశువును కోతకు పంపితేనే డబ్బు. మామూలు ధరకీ ఇప్పుడు పలికే ధరకీ మధ్య తేడాలో కొంత భాగం ప్రభుత్వం ఇస్తుంది, అది కూడా నిధులు ఉన్నంతవరకే.

ఇక కొనేవాడి వైపు నుంచి చూడండి. దేశంలో పెద్ద కోత ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రైతేమో పథకం డబ్బు అయిపోయేలోగా అమ్మేసుకోవాలని టెన్షన్‌లో పరుగెత్తుకొస్తున్నాడు. ధర ఇంకొంచెం తగ్గిస్తే ఆ తేడా ఎలాగూ ప్రభుత్వం పూడుస్తుందని కొనేవాడికి తెలుసు, రైతు బేరమాడే స్థితిలో లేడనీ తెలుసు. అలాంటప్పుడు ఏ వ్యాపారి ధర పెంచుతాడు? దీనికి తోడు ఆగస్టులో అమెరికా ఒక తలుపు కొంచెం తెరిచింది, 30 నెలల లోపు పశువుల ఎముకలేని మాంసం పంపుకోవచ్చంది, ప్రాణంతో ఉన్న పశువును మాత్రం రానివ్వలేదు. అంటే ఇటు పశువును గడ్డి ధరకు కొనొచ్చు, అటు మాంసాన్ని మంచి ధరకు అమ్మొచ్చు. మరుసటి ఏడాది అల్బెర్టా ఆడిటర్ జనరల్ లెక్కలు తీస్తే ఆ రాష్ట్రంలోని పెద్ద ప్యాకింగ్ కంపెనీల, అంటే పశువుల్ని కొని కోసి మాంసం అమ్మే ఈ ఫ్యాక్టరీల లాభాలు రెండు రెట్లకు పైగా పెరిగాయని తేలింది. చట్టం తప్పినట్టు ఆధారాలేమీ లేవని కూడా ఆయనే చెప్పాడు. నాకు ఎక్కువ బాధ అనిపించేది అదే, దొంగతనం అయితే దొంగను పట్టుకోవచ్చు, పథకమే అలా రాసుంటే ఎవర్ని పట్టుకుంటాం? పైగా ఆ కంపెనీల్లో కొన్నిటికి సొంత పశువుల షెడ్లున్నాయి, పెంపకందారుల లెక్కన సాయం వాటికీ అందింది. పార్లమెంటు కమిటీ లెక్కల పుస్తకాలు చూపించమంటే కంపెనీలు చూపించలేదు, సభాధిక్కారం అన్నారు, ఈలోగా ఎన్నికలొచ్చాయి, ఆ సంగతి అక్కడితో సరి.

మరి దూడల్ని పుట్టించి పెంచే చిన్న రైతు? ఆ తొలి పథకం రాసినవాళ్లకు అతను కనపడలేదు. అతని దగ్గర ఉన్నది కోతకొచ్చిన పశువు కాదు, చూడి ఆవులు, పాలు తాగే దూడలు, ఒట్టిపోయిన ముసలి ఆవులు. మామూలు ఏడాదిలో ఆ ముసలి ఆవుల్ని అమ్మిన డబ్బుతో కొన్ని బిల్లులు గడిచేవి. ఇప్పుడు లారీలో ఎక్కించి వేలానికి తీసుకెళ్తే బాడుగ, కమిషన్ పోను చేతికొచ్చేది ఏమీ లేదు. ఇంట్లోనే ఉంచుకుందామంటే చలికాలమంతా మేత వెయ్యాలి. ఫ్యాక్టరీ నష్టాల్లో ఉంటే తాళం వేసి ఇంటికి పోవచ్చు, ఆవుకు తాళం వెయ్యలేం, పొద్దున్నే లేచి గడ్డి వెయ్యాల్సిందే, వేసిన ప్రతి మోపుతో అప్పు పెరుగుతున్నా సరే. ముసలి ఆవుల కోసం వేరే పథకం 2003 నవంబరు దాకా రాలేదు. చిన్న వయసు పశువులకు అమెరికా సరిహద్దు తెరుచుకున్నది 2005 జులైలో, పెద్దవాటికి 2007 నవంబరులో. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారే, అలా ఉంది.

ఇదంతా చదివి, అయితే సాయమే వద్దు, మిగతా వ్యాపారులకు నష్టమొస్తే ప్రభుత్వం ఇస్తోందా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే, నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. కానీ రోగం సంగతి వేరు. బ్రిటన్‌లో మ్యాడ్ కౌ మొదలైనప్పుడు, 1988 ఆగస్టు నుంచి, రోగం ఖాయమైన ఆవును చంపితే దాని విలువలో సగమే ఇచ్చారు. ఒక్కసారి ఆ రైతు స్థానంలో నిలబడండి. పాలు పిండే వేళ ఆవు గడప దాటలేక తడబడింది, చెయ్యి వేస్తే అదిరిపడింది. ఫోన్ చేసి చెబితే సగం డబ్బు, మందకు చెడ్డపేరు. చెప్పకుండా రేపే సంతకు తోలేస్తే మొత్తం డబ్బు. చాలామంది నిజాయితీగా చెప్పే ఉంటారు, కానీ నిజాయితీకి సగం ధర కట్టిన పథకం అది. 1990 ఫిబ్రవరిలో పూర్తి విలువ ఇస్తామని మార్చారు, ఈలోగా ఏడాదిన్నర గడిచిపోయింది. అంటే ఆ డబ్బు రైతు మీద దయతో ఇచ్చేది కాదు, మన పళ్లెంలోకి ఏం రాకూడదో ఆ సమాచారం కోసం మనం కట్టే ధర.

అలాగని చేతికొచ్చినట్టు ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా అదే దేశంలో చూశాం. 2001 గాలికుంటు వ్యాధికి అక్కడ 60 లక్షలకు పైగా పశువుల్ని చంపారు. పని త్వరగా అవ్వాలని మధ్యలో ఒక ప్రామాణిక రేటు పెట్టారు, అది కాస్తా అందరికీ కనీస ధర అయి కూర్చుంది, విలువ కట్టేవాళ్లు అక్కడి నుంచి ధర పెంచుకుంటూనే పోయారు. పశువును చంపిన రైతుకు మంచి ధర దక్కింది. పక్క ఊళ్లో రోగం రాకపోయినా కదలొద్దని ఆంక్షలు పెట్టిన రైతుకు, నెలల తరబడి అమ్ముకోలేక మేత కొన్నందుకు ఏ పరిహారమూ లేదు. కొందరు విధిలేక ఆరోగ్యంగా ఉన్న పశువుల్నే ప్రభుత్వానికి అప్పజెప్పారు, దానికైతే వేరే పథకం ఉంది మరి.

అందుకని నా మాట ఇది. రోగం వల్ల చంపించిన పశువుకు పూర్తి విలువ, వెంటనే. మార్కెట్ మూతపడిన నష్టానికైతే అమ్మిన తల మీద కాదు, కొట్టంలో ప్రాణంతో ఉన్న తల మీద, మేత ఖర్చు లెక్కన ఇవ్వాలి, అప్పుడు అమ్మాలన్న తొందర రైతుకు ఉండదు, ధర కొయ్యడానికి కొనేవాడికి వీలుండదు. ఒక్కొక్కరికి ఇంతే అని పైహద్దు ఉండాలి, లేకపోతే వెయ్యి పశువులున్నవాడు ముందు వరుసలో ఉంటాడు, పది ఉన్నవాడికి ఫారం అందేసరికి నిధులు ఖాళీ. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బేరంలో కొనేవాళ్ల లెక్కలు తెరవాలన్న షరతు డబ్బు విడుదల కాకముందే రాసుకోవాలి, తర్వాత అడిగితే ఎవరూ చూపించరు.

మీకు నాదొక విన్నపం. మళ్లీ ఇలాంటి ప్యాకేజీ వార్త వేసేటప్పుడు ఆ కోట్ల పక్కనే ఇంకో రెండు అంకెలు వెయ్యండి, సాయం ప్రకటించకముందు రోజు రైతుకు పశువుకు ఎంత ఇచ్చారు, ప్రకటించిన వారానికి ఎంత ఇచ్చారు అని.

ఇట్లు,
మీ పాఠకుడు